గడప బిట్టు

ముందే చెబుతున్నాను. కొత్త సినిమాల బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ బ్రహ్మాండం అని నా ముందర ఎవరూ అనకండి. నాకు బీపీ ఉంది. పోయిన నెల తిరుపతిలో మా అల్లుడు ఒక కొత్త సినిమాకు తీసుకెళ్ళాడు. మూడు గంటలు కూర్చున్నాను. సీటు అదిరింది, గుండె అదిరింది, చేతిలో పాప్‌కార్న్ డబ్బా అదిరింది. హీరో తలుపు తీసినా దబేల్, టీ తాగినా దబేల్. బయటికి వచ్చి, బండ్లు పెట్టే చోట నిలబడి, ఆ మ్యూజిక్‌లో ఒక్క ముక్క నోటితో అందామని చూశాను. ఏమీ రాలేదు. నలభై ఏళ్ళు క్లారినెట్ పట్టిన నోరిది, విన్నదాన్ని అంత తేలిగ్గా వదిలే నోరు కాదు. "మ్యూజిక్ అదిరింది కదా మామా," అన్నాడు అల్లుడు. "అదిరింది. అదరడం తప్ప ఇంకేం చేసింది?" అన్నాను. ఆ పూట ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు.

నేను చిత్తూరు దగ్గర ఒక బ్యాండు సెట్టులో పనిచేసి రిటైరైనవాణ్ణి. బ్యాండువాడికి రిటైర్‌మెంట్ ఎవరిస్తారని నవ్వకండి. ఊపిరి చాలని రోజున అదే వచ్చి కూర్చుంటుంది. నేను చెప్పబోయేది మా బ్యాండు మాస్టరు గురించి, నాలుగేళ్ళ కిందటి ఒక పెళ్ళి గురించి, టీకొట్ల దగ్గర గొంతు చించుకుని నేను చేసిన వాదమంతా ఆ ఒక్క పూటలో ఏమైందన్నదాని గురించి. పేర్లు రాయడం లేదు. అందరూ ఇంకా అవే రోడ్ల మీద తిరుగుతున్నారు, నేనూ తిరగాలి.

ముందు 'బిట్టు' అంటే ఏమిటో చెప్పాలి. మీ మొహాల్లో ఆ నవ్వు నాకు తెలుసు, ఆ బిట్టు కాదు. సినిమాలో పాట కాకుండా, మాటల వెనకా మౌనం వెనకా వచ్చే వాయింపు ఏదైనా మా బ్యాండు భాషలో బిట్టే. హీరో గుర్రమెక్కితే గుర్రం బిట్టు, తల్లి చచ్చిపోతే ఏడుపు బిట్టు. పాటలకు రికార్డులు వచ్చేవి, రేడియోలో వేసేవాళ్ళు. బిట్లకు రికార్డూ లేదు, రేడియో లేదు. హాల్లో విన్నదే విన్నది. మరి పెళ్ళిళ్ళలో జనం అడిగేది అవే. పెళ్ళికొడుకు బండి దిగుతుంటే, "ఆ గుర్రం బిట్టు కొట్టండప్పా," అంటారు. రాదంటే మరుసటి పెళ్ళికి పక్క ఊరి బ్యాండును పిలుచుకుంటారు.

అందుకని మా మాస్టరు ఒక పద్ధతి పెట్టాడు. కొత్త సినిమా వస్తే ఆరుగురం మ్యాట్నీకి చిత్తూరు పోవాలి. ఒక్కొక్కరికి ఒక్కో బిట్టు. నువ్వు గుర్రం పట్టు, నువ్వు ఏడుపు పట్టు అని హాల్లోనే మోకాలి మీద తట్టి చెప్పేవాడు. కాగితం లేదు, స్వరాలు రాసే చదువు మాలో ఎవరికీ లేదు. తన బిట్టు చెవిలో పడ్డాక మిగతా సినిమా వినకూడదు, చూస్తే చూసుకోవచ్చు. సినిమా వదిలినప్పటి నుంచి మా షెడ్డు చేరి వాద్యం అందుకునేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. మాట బయటికి పోతే దాని వెంట బిట్టు కూడా పోతుందని మాస్టరు నమ్మకం. దీన్ని మేము 'నోరు కట్టుకోవడం' అనేవాళ్ళం.

ఒకసారి తిరుగు బస్సులో కండక్టరు వచ్చి, "యాడికప్పా?" అన్నాడు. ఆరుగురం పెదాలు బిగించి ముక్కుతో కూనిరాగాలు తీస్తున్నాం. మాస్టరు ఆరు వేళ్ళు చూపించి, మా ఊరున్న దిక్కుకు చెయ్యి ఊపాడు. కండక్టరు నా వైపు చూశాడు. నేను గుర్రం బిట్టులో ఉన్నాను. "ఊఁ ఊఁ ఊఁ," అన్నాను.

"పాపం, అందురూ మూగోళ్ళే. ఏం కర్మరా సామీ," అని ముందు సీట్లో ఆడవాళ్ళతో చెప్పి, ఇద్దరిని లేపి మాకు సీటు కూడా ఇప్పించాడు. మా సైడ్ డ్రమ్ము వాయించేవాడు ఆపుకోలేక పక్కున నవ్వేశాడు. వాడు పట్టిన ఏడుపు బిట్టు అక్కడికక్కడే పోయింది. మరునాడు మ్యాట్నీకి మాస్టరు వాణ్ణి ఒక్కణ్ణే పంపించాడు. ఆ తరువాత చాలాకాలం వాణ్ణి మేము ఏడుపోడు అనే పిలిచాం.

గడప బిట్టు మాత్రం మాస్టరు స్వయంగా పట్టింది. ఆ రోజు నాకు జ్వరం, నేను పోలేదు. పోయినవాళ్ళ చెవుల్లో ఎవరి బిట్టు వాళ్ళదే. సినిమా వారం కూడా ఆడలేదు, ఆ తరువాత మా వైపు మళ్ళీ రానేలేదు. అందులో కూతురు అత్తారింటికి పోతూ గడప దాటేటప్పుడు వచ్చే బిట్టు అది. మాస్టరు దాన్ని షెడ్డులో మొదటిసారి వాయించినప్పుడు, డ్రమ్ములు తుడుస్తున్నవాళ్ళం తుడవడం ఆపేశాం. ఆనాటి నుంచి మా చుట్టుపక్కల ఏ ఆడపిల్ల అత్తారింటికి పోయినా ఆ బిట్టు పడాల్సిందే. తొలి స్వరం వినగానే తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. తండ్రులు పందిరి గుంజలు సరిచేస్తున్నట్టు అటు తిరిగేవాళ్ళు.

ఎవరన్నా వచ్చి, "ఇది ఏ సినిమాలోది మాస్టరూ?" అంటే, ఆ ఆడని సినిమా పేరు మాస్టరు గర్వంగా చెప్పేవాడు. నేనూ చెప్పేవాణ్ణి. కొత్త సంగీతాన్ని తిట్టడానికి నాకున్న ఆయుధం ఆ బిట్టే. "వారం ఆడని సినిమాలో బిట్టు ముప్పై ఐదేండ్లు నిలిచిందిరా. మీ కోట్ల సినిమాలో ముక్క రేప్పొద్దున దాకా నిలస్తాదా?" అని ఎంతమంది నోళ్ళు మూయించానో లెక్క లేదు.

ఇప్పుడేమో బిట్లకు బీజీఎం అని పేరు పెట్టారు. పాటలతోపాటు వాటినీ విడుదల చేస్తున్నారు, ఫోనులో నొక్కితే వస్తాయి. అంత సులభంగా దొరికే సరుకు ఒక్కరి నోట్లోనైనా నిలవాలి కదా? ఒక పెళ్ళిలో కుర్రాళ్ళు కొత్త బీజీఎం ఒకటి వాయించమని ఫోను మా చెవి దగ్గర పెట్టారు. హూ అని ఒక మూలుగు, మధ్యలో పిడుగు పడినట్టు దెబ్బలు. మా ట్రంపెట్ ఆయన బుద్ధిగా ప్రయత్నించాడు. నాలుగు దీర్ఘాలు తీసేసరికి కళ్ళు తిరిగి కుర్చీలో కూలబడ్డాడు. "అన్నా, ఇది వాయింపు గాదు. డాక్టరు ఊపిరి పీల్చి వదలమన్నట్టు ఉండాది," అన్నాడు. కుర్రాళ్ళు మమ్మల్ని చూసి నవ్వారు. చేతగానివాళ్ళమన్నారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

మాస్టరుకు డెబ్భై దాటాక పై పండ్లు ఊడిపోయాయి. నోట్లో పెట్టే క్లారినెట్ పీక మీద పై పండ్లు ఆనాలి, లేకపోతే గాలి పక్కలకు పోతుంది. ఏడేళ్ళు ఆయన మా వెనక నిలబడి తాళాలు కొట్టాడు. ఆయన నేర్పిన గడప బిట్టు నేను ముందు నిలబడి వాయించడం, ఆయన వెనక తాళం వేయడం. నాకెంత సిగ్గుగా ఉండేదో చెప్పలేను. చివరికి ఆయన కూతురు తిరుపతిలో పండ్ల డాక్టరు దగ్గర సెట్టు కట్టించింది. మూడు నెలలు ఇంటి వెనక కూర్చుని, ఆ సెట్టుతో పీక పట్టడం మళ్ళీ అ ఆల నుంచి నేర్చుకున్నాడు. ఒకరోజు నన్ను పిలిపించాడు.

"అప్పా, గడప బిట్టు ఇంకొక్కసారి నేనే వాయించల్ల. జనంలో. ఆ పైన ఈ పండ్లు యాడన్నా పారేస్తా."

"వాయిద్దువులే అన్నా. మామిడి మండీ ఆయన కూతురి పెండ్లి వస్తా ఉండాది. ఆడ నువ్వే," అని మాటిచ్చాను. మండీ ఆయనది మా వీధే. కూతురు మద్రాసులో ఏదో కంప్యూటరు ఉద్యోగం చేస్తోందని విన్నాను, అంతకుమించి అడగలేదు.

పెళ్ళి చిత్తూరులో, కల్యాణ మండపంలో. తోతాపురి కాయల కాలం, మండీ హమాలీలంతా పెళ్ళికి వచ్చారు. పొద్దున్నే ముహూర్తం అయిపోయింది, భోజనాలూ అయ్యాయి. ఇంకో అరగంటలో అప్పగింతలు. పదకొండు మందిమి ఎర్ర కోట్లు వేసుకుని గుమ్మం పక్కన నిలబడ్డాం. మాస్టరు పీకకు బిగించే రెల్లు బద్దను, అదే రీడును, నోట్లో పెట్టుకుని తడుపుకుంటున్నాడు. అప్పుడొచ్చాడు డీజే ఆయన. పెళ్ళికొడుకు స్నేహితులు తిరుపతి నుంచి మాట్లాడుకొచ్చిన మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. బీరువాలంత బాక్సులు రెండు తెచ్చి మా ముందరే దించాడు.

"పెద్దాయనా, మీరు రవంత పక్కకు జరగల్ల. అప్పగింతలకు బ్యాండు వద్దన్నారు. బీజీఎం ఏస్తా ఉండాము."

"ఎవురు వద్దన్నారు?"

"పెండ్లికొడుకు ఫ్రెండ్సు. కొత్త సినిమాలో సిస్టర్ సీనుది. సూపర్‌గా ఉంటాది. వీడియోకు బాగొస్తాది."

మాస్టరు రీడు నోట్లోంచి తీసి జేబులో పెట్టుకోబోయాడు. "పోనీలేప్పా. వాళ్ళ పెండ్లి, వాళ్ళ ఇష్టం," అన్నాడు నాతో. మూడు నెలలు ఆ సెట్టు ఒరుసుకుని చిగుళ్ళు పుండ్లు పడితే ఉప్పునీళ్ళు పుక్కిలించి మరీ నేర్చుకున్న మనిషి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నువ్వు గమ్మునుండన్నా," అని, డీజే ఆయన వైపు తిరిగి, మండపమంతా వినపడేలా ఎత్తుకున్నాను. "సరే నాయనా. నువ్వేసేది అంత గొప్పదైతే ఫోను జేబులో పెట్టి నోటితో అను. ఒక్కసారి అను సాలు. అన్నావంటే నేను ఈ క్లారినెట్ ఈడనే ఇరగ్గొట్టి ఇంటికి పోతా."

ఆయన నవ్వాడు. జనం మూగారు. ఇక తప్పక గొంతు సవరించుకున్నాడు. "హూ... డుమ్. హూ... డుమ్ డుమ్." ఆగాడు. "అంటే, కింద బేసు ఉంటాది పెద్దాయనా. అది నోటితో రాదు."

"నోటికి రాంది మనసులోకి యాడ నుంచి పోతాది?"

హమాలీలు ఈల వేశారు. డీజే ఆయనకు ఉక్రోషం వచ్చింది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాది మీ యవ్వారం. మీకు వాయించేకి రాదు, దాన్ని బాలేదంటా ఉండారు."

"వాయించేకి దాంట్లో ఏముండాది? దాన్ని చేసినోళ్ళెవురో గానీ, చెవుల్లో దూది పెట్టుకొని చేసినారు. సిగ్గూశరం లేకుండా..."

"అది మా టీమే చేసింది మామా."

తిరిగి చూద్దును గదా, పెళ్ళికూతురు. తలంబ్రాల బియ్యం ఇంకా జుట్టులోనే ఉన్నాయి. కంప్యూటరు ఉద్యోగం అంటే ఏమిటని నేనెప్పుడడిగాను? రికార్డింగ్ థియేటర్లో కంప్యూటరు ముందు కూర్చుని సినిమాలకు బ్యాక్‌గ్రౌండ్ కట్టే బృందంలో పనట. ఆ సిస్టర్ సీను తన చేతి మీదుగానే పోయిందట. పెళ్ళిపూట పెళ్ళికూతుర్నే సిగ్గులేనిదని తిట్టాను. నా నోట్లో మన్ను పడ.

మామూలు మనిషైతే అక్కడితో ఆగేవాడు. తప్పు చేసినకొద్దీ గొంతు పెరిగే జాతి నాది. "నువ్వైనా అంతే పాపా! ఒక్క ముక్క నోటికొచ్చేటట్టు చేస్తే మీ సొమ్మేం పోతాది?"

ఆ అమ్మాయి కోప్పడలేదు. "ట్యూన్ చేసినాము మామా. మంచి ట్యూనే. డైరెక్టరు అప్పటికే ఏదో ఇంగ్లీషు సినిమా మ్యూజిక్ పెట్టుకొని సీను కత్తిరించుకున్నాడు. అట్లే ఉండల్ల అన్నాడు. ట్యూన్ ఇనపడితే డైలాగుకు అడ్డం, తీసేయ్ అన్నాడు. ఇంకా తీసేయ్, ఇంకా తీసేయ్ అంటే ఆఖరికి ఆ హూ ఒకటి మిగిలింది. నాకు మాత్రం ఏడుపు రాలేదనుకున్నావా?"

నా కోపమంతా ఆ డైరెక్టరు మీదికి మళ్ళింది. ఆయన ఆ మండపంలో లేకపోవడం ఆయన అదృష్టం.

"అయినా నిన్నొకటి అడగల్ల మామా," అంటూ తను చెల్లెలి చేతిలోంచి ఫోను తీసుకుంది. "గడప బిట్టు కోసరం ఆ సినిమా నాలుగేండ్లు ఎతికినా. పోయిన నెల దొరికింది. సూడు."

రంగు వెలిసిపోయిన బొమ్మ. కూతురు గడప మీద కాలు పెట్టింది. వెనక మురళి వాయింపు ఎత్తుకుంది. మా బిట్టే, తొలి వరుస. కూతురు రెండడుగులు వేసి గడప దాటింది. మురళి ఆగిపోయింది. సీను మారిపోయి ఎవరో పొలంలో నవ్వుతున్నారు.

"పదకొండు సెకండ్లు, అంతే. మీరు వాయించేది మూడు నిమిషాలు. మిగతాది యాడిది మామా?"

"కత్తిరించినారు!" అన్నాను. "హాళ్ళల్లో రీళ్ళు కత్తిరించేది నాకు తెలీదా? ఆట బిన్నా, తొందరగా అయిపోవల్లని నాలుగు ముక్కలు పీకేస్తారు. అందులో పోయింటాది." ఆ నిమిషంలో నేను దాన్ని నిజంగానే నమ్మాను. సాక్ష్యానికి మాస్టరు వైపు చూశాను. ఆయన తల వంచుకుని తన క్లారినెట్‌కు రీడు బిగించుకుంటున్నాడు. వినపడలేదేమో అనుకున్నాను.

ఆ అమ్మాయి కాసేపు ఆయన్నే చూసింది. తరువాత డీజే ఆయనతో, "అన్నా, బాక్సులు ఆపేయ్. నా అప్పగింతలకు మాస్టరు తాతే," అంది. స్నేహితులు ఏదో అనబోతే పెళ్ళికొడుకే వాళ్ళ చెయ్యి పట్టుకుని ఆపాడు. తెలివైనవాడు, తొలిరోజే అర్థం చేసుకున్నాడు.

మాస్టరు ముందుకొచ్చి నిలబడ్డాడు. నా క్లారినెట్ లోపల కుర్చీ మీద పెట్టి, నేను వెనక్కి పోయి తాళాలు అందుకున్నాను. ఏడేళ్ళ తరువాత జనం ముందర ఆయన ఊపిరి ఆ గొట్టంలోకి పోయింది. తొలి స్వరం కొంచెం పగిలింది, రెండోది నిలబడింది. తల్లి కొంగు నోటికి పోయింది. మండీ ఆయన అరటి పిలకలు గట్టిగా కట్టారో లేదో చూడడం మొదలుపెట్టాడు. పెళ్ళికూతురు గుమ్మం దాటింది. సినిమాలో మురళి ఆగిపోయిన చోటు వచ్చింది. మాస్టరు ఆగలేదు, పైకెత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడు పండ్ల సెట్టు జారింది.

కీచుమని ఒక శబ్దం, ఆ తరువాత ఉత్త గాలి. మాస్టరు సెట్టును బయటికి లాగి గుప్పిట్లో పెట్టుకుని, మళ్ళీ పీక నోట పెట్టాడు. గాలి పక్కలకు పోయింది. ఇంకోసారి ప్రయత్నించాడు. పెళ్ళికూతురు గుమ్మానికీ కారుకూ మధ్య నిలబడిపోయింది. నా చేతుల్లో తాళాలున్నాయి, క్లారినెట్ లోపలెక్కడో ఉంది. నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

అప్పుడు తల్లి ఎత్తుకుంది. నోరు తెరవకుండా, కొంగు వెనక నుంచే, ముక్కుతో. ఆగిన చోటి నుంచి, ఒక్క మలుపు తప్పకుండా. పక్కనున్న పిన్నమ్మ కలిసింది. ఆ తరువాత మెట్ల మీదున్న ఆడవాళ్ళు. అంతా ఆ బిట్టు వింటూ అత్తారింటికి పోయినవాళ్ళే. సినిమాలో లేనిదాన్ని మొత్తం, చివరిదాకా, పెదాలు బిగించి పాడారు. ఆనాడు బస్సులో మేము ఆరుగురం కూర్చున్నట్టు నోళ్ళు కట్టుకుని నిలబడ్డారు. మాస్టరు బోసినోరు తెరిచి వింటున్నాడు. పెళ్ళికూతురు నడిచి కారెక్కింది. నేను తాళం వేశాననే అనుకుంటాను, గుర్తు లేదు.

కారు వెళ్ళిపోయాక డీజే ఆయన మా దగ్గరికి వచ్చాడు. ఆడవాళ్ళు పాడిందంతా ఫోనులో పట్టుకున్నాడట. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, దుమ్ము పడిందన్నాడు. "తాతా, ఇది ఏ సినిమాలోది?" అని అడిగాడు.

అలవాటు కొద్దీ సినిమా పేరు చెబుదామని నోరు తెరిచాను. మాస్టరు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"సినిమాలో పాప గడప దాటితే అయిపోతాదప్పా," అన్నాడు నాతో. ఆయన బోసినోటి మాట నాకు అలవాటే. "మన పాప ఎద్దులబండి దాకా నడిసిపోవల్ల. దోవ పొడుగు. బిట్టు సాల్లేదు. రవంత కలిపినా."

"రవంతా అన్నా? మూడు నిమిషాలు! ఇన్నేండ్లు నా కాడ గూడా దాసిపెట్టినావే! సినిమాది అని ఎందుకు సెప్పినావు?"

"సినిమాది అంటేనే గదా చెవి పెడతారు. బ్యాండోడు కట్టినాడంటే వాయించనిస్తారా?"

ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. ముందు నా మీదే. పాత సినిమా సంగీతం గొప్పదని ఊరంతా తిరిగి అరిచాను. నేను పొగిడిన మనిషి నా వెనకే తాళాలు పట్టుకుని, ఆ పొగడ్త ఇంకెవరికో పోతుంటే వింటూ నిలబడ్డాడు. మరి కొత్త మ్యూజిక్ సంగతేమిటంటారా? ట్యూన్ తీసేయమని చెప్పేవాళ్ళు ఉన్నంతకాలం దాన్ని నేను ఒప్పుకోను. అట్లాగని మిమ్మల్నీ వదలను. పదకొండు సెకండ్ల ముక్కను నోట్లో పెట్టుకుని, కండక్టరుతో మూగవాడనిపించుకుని, ఇంటిదాకా మోసుకొచ్చిన మనిషి ఒకడున్నాడు కాబట్టి అది బతికింది. మీరు హాలు తలుపు దాటకముందే ఫోనెత్తి మాట్లాడతారు. అట్లాంటి నోట్లో ఏ సంగీతం నిలుస్తుంది చెప్పండి?

ఆ రోజు డీజే ఆయన మాత్రం మా గొడవ పట్టించుకోలేదు. ఫోనులో దాచుకోవాలంటే పేరు రాయాలట. వేలు గాల్లో పెట్టుకుని అట్లాగే నిలబడి ఉన్నాడు.

"అయితే ఎవురిదని రాసుకోల్ల తాతా?"

మాస్టరు నన్ను చూశాడు. ఏదో అన్నాడు, పండ్లు లేక ఆ మాట గాలిగా పోయింది. డీజే ఆయన "ఆఁ?" అంటూ చెవి దగ్గరికి వంచాడు. మాస్టరు గుప్పిట విప్పి, పండ్ల సెట్టును కోటు అంచుతో తుడుచుకుని, నోట్లో పెట్టుకుని, బొటనవేలితో గట్టిగా నొక్కి మళ్ళీ చెప్పాడు.

"నాది."